మూలుగ ఇచ్చేదెవరు?

2024 సెప్టెంబరు 1న వరదకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలుకట్ట కొట్టుకుపోయింది. అదే రోజు అటువైపు మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచింది. మధ్యనున్న గార్లకు ఎటు చూసినా నీళ్లే. చాలామందికి అది నాలుగు రోజుల ఇబ్బంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ పుట్టుకతో వచ్చే నెత్తురు జబ్బు తలసేమియా ఉన్న పిల్లకు అలా కాదు. రెండు మూడు వారాలకోసారి నెత్తురు ఎక్కించాల్సిందే. గడువు దాటితే మొహం పాలిపోతుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. రైలుందా, ఏరు దాటగలమా అని ఆ జబ్బు చూడదు.

ఖమ్మం చుట్టుపక్కల తలసేమియా పిల్లలు ఎక్కువని ఏళ్లుగా చదువుతూనే ఉన్నాం. 2016 దాకా గార్ల కూడా ఖమ్మం జిల్లాలోదే. జిల్లా పేరు మహబూబాబాద్‌గా మారింది, నెత్తురు కోసం తిరుగుడు మారలేదు.

ఎక్కించే ప్రతి సీసాతో ఒంట్లోకి ఇనుము కూడా చేరుతుంది. అది గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. తీసేయడానికి రోజూ మందు మింగాలి. దీన్నుంచి బయటపడటానికి డాక్టర్లు ఎక్కువగా చూపించే దారి ఎముక మూలుగ మార్పిడి. మూలుగలో నెత్తురు తయారుచేసే పాడైన మూలకణాలను బలమైన మందులతో తుడిచేసి, మరొకరి మంచి మూలకణాలు ఎక్కిస్తారు. 1981లో అమెరికాలోని సియాటిల్‌లో ఒక తలసేమియా బిడ్డకు మొదటిసారి ఇలా నయమైంది. మన దేశంలో మూలుగ మార్పిడి 1983లోనే ముంబై టాటా ఆసుపత్రిలో మొదలైంది. రక్త కేన్సర్ ఉన్న తొమ్మిదేళ్ల పాపకు ఆమె తోడబుట్టినవాడే దాత.

దాత ఎవరన్నది ఇద్దరి కణాల మీది గుర్తులను పోల్చే హెచ్ఎల్ఏ పరీక్ష తేలుస్తుంది. బ్లడ్ గ్రూపు కలవాలన్న పట్టింపు లేదు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలకు పూర్తిగా కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. అమ్మానాన్నలది సాధారణంగా సగమే కలుస్తుంది. అయితే మేనరికాలున్న ఇళ్లలో తల్లో తండ్రో, బాబాయి పిల్లలో కుదరడమూ ఉంది. జబ్బును రెండు వైపుల నుంచీ తెచ్చిపెట్టే ఆ చుట్టరికమే ఒక్కోసారి దాతనూ చూపిస్తుంది. అందుకే పరీక్ష తోబుట్టువులతో ఆగకూడదు.

పరీక్ష మాటెత్తగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది ఒకటే: "ఎన్నుపూసల సూది గుచ్చుతరట గదా, కాళ్లు పడిపోతే?" వెన్నుపూస జోలికి ఎవరూ పోరు. మత్తిచ్చి, నడుము కింద తుంటి ఎముక వెనక భాగం నుంచి మూలుగ తీస్తారు. కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. కొద్ది వారాల్లో ఒళ్లు దాన్ని తిరిగి తయారు చేసుకుంటుంది. పెద్దవాళ్లయితే నాలుగైదు రోజులు ఇంజెక్షన్లిచ్చి, చేతి నరం నుంచే మిషన్‌తో మూలకణాలు వడగట్టే పద్ధతీ ఉంది. ఆ రోజుల్లో ఒళ్లునొప్పులు, తలనొప్పి మామూలే. తుంటి నుంచి తీసేటప్పుడు మత్తుకు ఉండే చిన్న ప్రమాదం ఉంటుంది, దాచాల్సిన పని లేదు.

రెండో మాట మెల్లగా వస్తుంది: "ఆడపిల్ల, రేపు పెండ్లి చెయ్యాలె." మూలుగ ఇచ్చిన పిల్ల పెళ్లికీ కాన్పుకూ అడ్డమేమీ లేదు. ఈ మాటకు తలకిందులైనది ఇంకొకటుంది. కొడుక్కి జబ్బయితే కూతుర్ని ఎవరూ అడగరు, తీసుకుపోతారంతే. మన దేశంలో బతికుండగా అవయవాలిచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువన్నది లెక్కల్లో ఉన్న మాటే. ఎనిమిదేళ్ల చెల్లె కాదనలేదు కదా. కాబట్టి ఆమెకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత డాక్టరుకూ ఉంది, తండ్రికీ ఉంది. మార్పిడి ఫలించకపోతే ఆ తప్పు తనదని ఆ పిల్ల అనుకోకుండా చూసుకోవడం అంతకంటే పెద్ద పని. కొందరు పిల్లలు మార్పిడిలోనే దక్కరు. ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే తెలియాలి.

ఇంకో బిడ్డను కందామనుకునేవాళ్లూ ఉన్నారు. అహ్మదాబాద్‌లో 2018లో ఐవీఎఫ్ ద్వారా, పిండాన్ని పరీక్షించి ఎంచుకుని కన్న పాప మూలుగతో ఆమె అన్న నెత్తురు ఎక్కించుకునే బాధ నుంచి బయటపడ్డాడు. అది లక్షలు పోసిన వైద్యం. పరీక్షలేమీ లేకుండా దేవుడి మీద భారం వేసి కంటే, పుట్టే బిడ్డ నెత్తురు ఎక్కించాల్సిన తలసేమియా మేజర్ లేకుండా, పైగా అన్నకు సరిపోయేలా ఉండే అవకాశం పదహారులో మూడు వంతులే. మళ్లీ జబ్బున్న బిడ్డే పుట్టే అవకాశం పదహారులో నాలుగు వంతులు. ఇది నా మటుకు ఒప్పుకోలేని జూదం.

డబ్బు మాట. కోల్ ఇండియా 2017లో తలసేమియా బాల సేవా యోజన మొదలుపెట్టింది. తక్కువ ఆదాయమున్న ఇంటి పిల్లల మార్పిడికి 10 లక్షల దాకా ఇస్తుంది. బొగ్గు కంపెనీ పథకం కదా అని కార్మికుల పిల్లలకేననుకోవద్దు. అయితే ఇంట్లో సరిపడే దాత ఉన్నారని ముందు తేలాలి. అంటే మళ్లీ అదే పరీక్ష. బుగ్గ లోపల దూదిపుల్ల రాసి తీసిన నమూనా చాలు. తలసేమియా కుటుంబాలకు ఈ పరీక్షను ఉచితంగా చేయించే స్వచ్ఛంద సంస్థలున్నాయి. నమూనాలు జర్మనీ దాకా పోతాయి. జర్మనీకి పోగలిగిన దూదిపుల్ల గార్ల ఆసుపత్రి దాకా ఎందుకు రాదు?

సర్కారును నేనడిగేది పెద్దదేం కాదు. మహబూబాబాద్‌లో 2022 నుంచి మెడికల్ కాలేజీ ఉంది. నెత్తురు ఎక్కించుకోవడానికి పేరు రాయించిన ప్రతి పిల్లకూ, ఆ ఇంటిల్లిపాదికీ అక్కడే ఈ నమూనా తీయాలి. పదేళ్లొచ్చి కాలేయం గట్టిపడ్డాక మార్పిడి కష్టం. ఇనుము పేరుకోకముందు, పసితనంలో చేస్తేనే ఫలితం బాగుంటుంది. పిల్ల నెత్తురు సీసా కింద పడుకున్న మొదటి రోజే తల్లిదండ్రులు డాక్టర్ని అడగాల్సిన మాట ఇది: మా అందరికీ హెచ్ఎల్ఏ ఎప్పుడు చేస్తరు సార్?