పన్ను కదిలేదెలా? పడవనడగండి!

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే మరపడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జెట్టీ పక్కన కనిపిస్తాయి. తాళ్లతో కట్టినా అవి కదలకుండా ఉండవు. అల వస్తే లేస్తాయి, పోతే దిగుతాయి. అందుకే తాడుకి కాస్త వదులు ఉంచుతారు. మరీ బిగిస్తే ఆటుపోట్లకి తాడైనా తెగుతుంది, పడవైనా దెబ్బతింటుంది.

మన నోట్లో పళ్లూ అంతే! గోడలో మేకులా ఎముకలో దిగ్గొట్టినవి కావు. పంటి వేరుకీ దవడ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో సుమారు అయిదో వంతు సందు ఉంటుంది. అందులోని సన్నటి నారపోగులే పన్నుని పట్టి ఉంచే తాళ్లు. పళ్లకి వేసే క్లిప్పులు పనిచేసేది ఆ పోగుల మధ్య ఉండే జీవకణాల వల్లే.

క్లిప్పు తీగ పన్నుని ఓ పక్కకి మెల్లగా తోస్తుంది. ఒత్తిడి పడిన వైపు ఎముకని కరిగించే కణాలు చేరతాయి. పోగులు సాగిన వైపు ఎముకని కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. ముందు తవ్వకం, వెనక పూడ్పు... అలా నెలకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పన్ను జరుగుతుంది.

మరి ఇంకాస్త గట్టిగా బిగిస్తే పెళ్లిచూపుల్లోగా పనైపోదూ? చాలా ఇళ్లలో ఇదే ఆశ. కానీ జరిగేది వేరు. అతిగా బిగిస్తే ఆ సందులోని రక్తనాళాలు నలిగిపోతాయి. రక్తం అందక అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఇక తవ్వేదెవరు? చుట్టుపక్కల నుంచి కొత్త కణాలు వచ్చి ఆ భాగాన్ని తొలిచేదాకా వారాల తరబడి పన్ను కదలదు. నొప్పి అదనం. ఒక్కోసారి పంటి వేరే అరిగిపోవచ్చు. స్వీడన్‌కి చెందిన కార్ల్ శాండ్‌స్టెట్ కుక్కల పళ్లమీద చేసిన ప్రయోగాల్లో 1904 నాటికే ఈ తేడాని గమనించాడు.

ఇంతకీ ఒత్తిడి సంగతి కణానికెలా తెలుస్తుంది? ల్యాబుల్లో సాగే సిలికాన్ పొరమీద కణాలను పెంచి, పొరని లాగి వదులుతూ పరిశీలిస్తారు. అమెరికాలో ఆర్డెమ్ పటపూటియన్ బృందం సన్నటి గాజు గొట్టంతో కణాన్ని పొడుస్తూ, ఒక్కో జన్యువునీ ఆపి చూసింది. చివరికి ఒత్తిడికి తెరుచుకునే 'పీజో' అనే ద్వారాన్ని 2010లో పట్టుకుంది. అది తెరుచుకుని కాల్షియం లోపలికి వెళ్లడమే కణానికి అందే కబురు. పంటి చుట్టూ ఉండే కణాల్లోనూ ఈ ద్వారాలున్నాయని తర్వాత తేలింది. 2021లో పటపూటియన్‌కి డేవిడ్ జూలియస్‌తో కలిపి వైద్యంలో నోబెల్ వచ్చింది.

కాబట్టి నాలుగైదు వారాలు ఆగి రమ్మని పళ్లడాక్టరు చెబితే విసుక్కోకండి. అది కణాలకిచ్చే గడువు. క్లిప్పులు తీశాక ఇచ్చే రిటైనర్‌నీ బీరువాలో పడేయకండి. పోగులు పాతచోటుకి లాగుతూనే ఉంటాయి మరి. తాడు విప్పిన పడవ ఉన్నచోట ఉంటుందా?