ఆ తప్పులో ఉన్నది తెలుగు వ్యాకరణమే



“మై ఫాదర్ ఆర్ కమింగ్” అని ఒక పిల్లవాడు అంటాడు. తరగతి నవ్వుతుంది. ఉపాధ్యాయుడు ‘ఆర్’ కొట్టివేసి ‘ఈజ్’ వ్రాస్తాడు. పాఠం ముగిసింది! ఆ పిల్లవాడు నేర్చుకున్నది తాను మొద్దునన్న సంగతి ఒక్కటే. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పాఠం చెప్పిన నాకు ఈ నవ్వు సహింపరానిది. “నాన్నగారు వస్తున్నారు” అనే వాక్యంలోని గౌరవ బహువచనాన్ని వాడు ఆంగ్లంలోనూ తప్పక పాటించాడు. ‘ఈజ్’ అనాలి, సందేహం లేదు. ఎందుకనాలో చెప్పవద్దా?

చెప్పడం కష్టమూ కాదు. ఆంగ్లంలో ‘యూ’ అన్నది మొదట బహువచనమే. మర్యాద కోసం ఒక్కరిని కూడా అలాగే సంబోధించగా, ‘దౌ’ అనే ఏకవచనం వాడుకలో వెనుకబడింది. అందుచేతనే ఎదుట ఉన్నవాడు ఒక్కడే అయినా ‘యూ ఆర్’ అంటున్నాము. వాళ్ళ మర్యాద మధ్యమ పురుషతో ఆగింది, మనది ప్రథమ పురుషకు కూడా సాగింది. ఈ రెండు మాటలు చెబితే పిల్లవాడు మళ్ళీ ఆ తప్పు చేయడు, చేసినా సిగ్గుపడడు.

మరొకటి చూడండి. “మేము ముగ్గురం అన్నదమ్ములం” అన్నప్పుడు లెక్కలో చెప్పేవాడు కూడా ఉన్నాడు. “ఐ హావ్ త్రీ బ్రదర్స్” అంటే లేడు. అమ్మకు నాలుగో కొడుకు పుట్టుకొస్తాడు! ఒక్కగానొక్క బిడ్డ కూడా “మా అమ్మ” అంటుంది గాని “నా అమ్మ” అనడం అరుదు, కనుక “అవర్ మదర్” అని వ్రాస్తుంది. “ఫలానా అతనితో పెళ్ళయింది” అంటాము, కనుక “మ్యారీడ్ విత్” వస్తుంది. అక్కడ ‘టు’ కావాలి. ప్రతి తప్పు వెనుకా ఒక తెలుగు సూత్రం ఉంది. ఆ సూత్రం ఎరుగని ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో ఎన్ని గీతలు గీచినా ప్రయోజనం లేదు.

‘కజిన్ బ్రదర్’ మీద మరీ ఎగతాళి. పెదనాన్న కొడుకు మనకు అన్నయ్య, మేనమామ కొడుకు బావ. ఒకరు తోబుట్టువుతో సమానం, మరొకరు వరసైనవాడు. ఈ ఇద్దరినీ ‘కజిన్’ అనే ఒక్క గంపలో వేయడానికి మనసొప్పక పిల్లవాడు పక్కన ‘బ్రదర్’ చేర్చాడు. పరీక్షలో ‘కజిన్’ అనే వ్రాయించండి. కానీ తోడల్లుడిని ‘కోబ్రదర్’ అన్న పెద్దమనిషిని చూసి నవ్వకండి. అతనికి కావలసిన మాట ఆంగ్లంలో విడిగా లేదు, బావ, మరిది, బావమరిది అందరితో పాటు ‘బ్రదర్ ఇన్ లా’లో కలిసిపోవాలి. (నా వరకు నేను ఆ మాటను కొట్టివేయను.)

ఆంగ్లం రావాలంటే బడిలో తెలుగు వినబడకూడదని వాదించేవారున్నారు. ఆ వాదం ఎంతవరకు పోయిందో 2009లో చూశాము. కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడిన పసివాళ్ళ మెడలో, ఇక తెలుగు మాట్లాడబోమని వ్రాసిన పలకలు వ్రేలాడదీశారు. అంతకుముందు 1873లో ఆర్డెన్ అనే ఆంగ్లేయ మిషనరీ తన దేశీయుల కోసం తెలుగు వ్యాకరణం ప్రకటించాడు. ‘మేము’, ‘మనము’ల భేదాన్ని వాళ్ళకు వాళ్ళ ఆంగ్లంలోనే విప్పి చెప్పాడు. తెలుగు నేర్వవచ్చిన దొరకు తన మాతృభాష మెట్టుగా పనికివచ్చింది. ఆంగ్లం నేర్వబోయే మన బిడ్డకు మాత్రం మాతృభాష నేరమయింది!

తల్లిదండ్రులకు ఒక మనవి. బడిలో చేర్చేముందు బస్సు సంగతి, రుసుము సంగతి అడుగుతారు గదా! ఆంగ్లం చెప్పే ఆ మాస్టారుకు ‘మేము’కూ ‘మనము’కూ తేడా తెలుసునో లేదో కూడా ఒకసారి అడిగి చూడండి.