సూర్యశక్తియు సామాన్యుని డాబాయు

ఉప్పలు దాటి వరంగల్లు మార్గమున పోవువారికి పోచారమున ఇన్ఫోసిస్ వారి విశాల ప్రాంగణము గోచరించును. ఆ సంస్థ అచ్చట సౌరఫలకములను నెలకొల్పి, తనకు వలయు విద్యుత్తులో కొంత సూర్యునినుండియే గ్రహించుచున్నది. ఇది అభినందనీయము. కాని చుట్టుపట్ల కాలనీలలో, ఉప్పలు నాచారములలో, వేలకొలది డాబాలు అదే యెండకు కాగుచున్నవి. వానిలో పెక్కింటికి ఎండవలన లభించునది ఉక్కయే కాని వెలుగు కాదు.

2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌరశక్తి ప్రణాళిక ఆరంభమైనపుడు 2022 నాటికి 20,000 మెగావాట్లు సాధింపవలెనని తలచిరి. 2015లో ఆ లక్ష్యమును లక్ష మెగావాట్లకు పెంచిరి. అందు 40,000 మెగావాట్లు ఇండ్ల కప్పులమీదనే యని నిర్ణయించిరి. గడువు మీరినను 2025 జనవరిలో దేశము లక్షను దాటినది. ఈ ఘనతలో సింహభాగము మహాక్షేత్రములది. కర్నూలు ప్రాంతమున గని, శకునాల గ్రామములకడ 1,000 మెగావాట్ల క్షేత్రము వెలసినది. బొగ్గునకు పుట్టినిల్లయిన రామగుండమున సైతము 2022లో జలాశయముపై 100 మెగావాట్ల ఫలకములు తేలినవి. కప్పుల వంతు మాత్రము ఆ గడువునకు సగమైనను నెరవేరలేదు.

2024లో కేంద్రప్రభుత్వము కోటి గృహముల కుద్దేశించి కొత్త పథకమును ప్రకటించి, మూడు కిలోవాట్ల యంత్రమునకు 78,000 రూపాయల సహాయమొసగుచున్నది. మంచిదే. కాని స్వంత డాబా లేని అద్దెయింటి కార్మికుని గతి యేమి? సూర్యుడు ఇల్లు గలవానికి మాత్రమే ఉదయించునా? పాఠశాలల, సంతల, ప్రభుత్వ కార్యాలయముల కప్పులపై ఫలకములు పరచి, అందలి విద్యుత్తును వాటాలుగ పంచి, పేదల బిల్లులలో జమకట్టవలెనని మేము కోరుచున్నాము.

మరియొక మాట. ఫలకముల కూర్పు మన దేశమున సాగుచున్నను, వాని మూలమగు సిలికాను పలకలు నేటికిని అధికముగ చైనానుండియే దిగుమతి యగుచున్నవి. ఎండ మనది, పనిముట్టు పరులది! రాత్రివేళకు విద్యుత్తును దాచు సాధనములును చాలకున్నవి. కావుననే నేటికిని మన విద్యుత్తులో నూటికి సుమారు డెబ్బది పాళ్లు బొగ్గువలననే పుట్టుచున్నవి.

రాట్నము ఇంటింట తిరిగినపుడే స్వదేశోద్యమము ప్రజలదయ్యెను. సౌరశక్తియు అట్లే. మెగావాట్ల లెక్క దేశమునకు కీర్తి తేవచ్చును. నాచారమందలి యొక గదిలో దీపము చవుకగ వెలిగిననాడే అది స్వరాజ్యమునకు తగిన సంపద యగును.