కెమెరా పట్టకుండా కెమెరా పని వస్తదా?

షూటింగ్, ఎడిటింగ్ కోర్సులు ఆన్‌లైన్‌లో పెట్టడం మంచిదే. గంగారం, కొత్తగూడ, ఏటూరునాగారం నుంచి వచ్చి వరంగల్‌లో గది కిరాయి కట్టలేని మనోళ్లకు అదొక దారి. కానీ టీ-శాట్‌లో పాఠం చూసి గ్రూప్స్‌కు చదివినట్టు కెమెరా పని రాదు. మైకు ఎంత దూరంలో పెట్టాల్నో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తది. సిగ్నల్ అందని గూడెంలో వీడియో ఫైల్ ఎక్కనే ఎక్కదు.

రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే, గద్దెల ముందు నిలబడి మన కథ చెప్పేది ఎక్కువగా బయటివాళ్లే. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం వచ్చింది. అక్కడా, గిరిజన సంక్షేమ హాస్టళ్లలోనూ కెమెరా, మైకు, కంప్యూటర్ ఉన్న ఒక్కో గది ఇయ్యాలని మేం అడుగుతున్నం. పాఠం ఫోన్‌లో వింటాం, పని ఆ గదిలో నేర్చుకుంటాం. కోయలో, గోర్ బోలీలో మన వార్త మనమే చెప్పుకుంటాం.