పోతపాల కొలత

దీపావళి సమీపించునప్పటికి కంగ్టి మండలమందలి తాండాలలో తలుపులకు తాళములు పడుచుండును. చెరకు కొట్టు కూలికై ఆలుమగలు జహీరాబాదు ప్రాంతమునకును, సరిహద్దు దాటి కర్ణాటక, మహారాష్ట్రములకును పోవుదురు. నారాయణఖేడు ప్రాంతమున వానపై నాధారపడిన మెట్టభూములే మెండు. ఈ వలస నిన్న మొన్నటిది కాదు. చంటిబిడ్డను కొందఱు వెంట గొనిపోవుదురు. కొందఱు అవ్వ యొడిలో విడిచిపోవుదురు. అట్లు విడువబడిన బిడ్డ యేమి త్రాగుచున్నది? మేము నేడు చర్చింపదలచిన దింతమాత్రమే.

తల్లిపాలకు సాటి లేదని మఱల చెప్పుట మా యుద్దేశము కాదు. ఆఱు నెలల వఱకు తల్లిపాలు తప్ప మఱేమియు, మంచినీరు సయిత మక్కఱలేదని వైద్యులందఱు చెప్పుచున్నారు. అది యవ్వకును తెలియును. తల్లి బీదరు చెరకుతోటలో నుండగా ఆ జ్ఞానముతో ఆమె యేమి చేయగలదు? గేదెపాలలో సగము నీరు కలుపును. లేదా అంగడిలో డబ్బా కొనును. ఏడాది నిండని బిడ్డకు గేదెపాలు గాని ఆవుపాలు గాని తగవు గనుక, ఈ రెంటిలో డబ్బాయే మేలు. కాని దానిని కలుపు విధ మామెకు చెప్పినవారెవరు?

1981లో ప్రపంచ ఆరోగ్య సభ పోతపాల వ్యాపారమునకు కట్టుబాట్లు విధించెను. మన దేశమున 1992లో శాసనము పుట్టెను. 2003లో మఱింత బిగింపబడెను. ప్రకటనలు నిషిద్ధము, ఉచితముగా డబ్బాలు పంచుట నిషిద్ధము, డబ్బాపై పసిపాప బొమ్మయు నిషిద్ధమే. మంచి శాసనము. అందొక్క యక్షరమును సడలింపవలెనని మేము కోరము. అయితే పోతపాలు పట్టు విధమును ఆరోగ్య సిబ్బందియే చూపవలెననియు, సరిగా వాడకున్న కలుగు హాని వారే వివరింపవలెననియు ఆ శాసనమే చెప్పుచున్నది. ఈ భాగమును జ్ఞాపకముంచుకొన్నవా రరుదు. విక్రేత నోరు మూయబడెను. నర్సు నోరు తెఱువబడలేదు. డబ్బా పేరెత్తుటయే దోషమన్నట్లు అందఱు నూరకున్నారు. అవ్వకు గురువు అంగడివాడే యయ్యెను.

లెక్క చూడుడు. మూడు నెలల బిడ్డకు దినమునకు షుమారు 100 గ్రాముల పొడి కావలెను. 400 గ్రాముల డబ్బా నాలుగు దినములలో నైపోవును; నెలకు ఏడెనిమిది డబ్బాలు! కూలివాని యింట అదే డబ్బా పది దినములు వచ్చుచున్నదన్న, అది పొదుపు కాదు, బిడ్డ యాకలి. నీళ్లపాలతో కడుపుబ్బి బిడ్డ నిద్రించును, గాని బరువు పెరుగదు. పొడియందును క్రిములుండవచ్చును గనుక, నీరు మరిగిన యరగంటలోపల, వేడి యుండగానే, డబ్బాపై వ్రాసిన కొలతకు కలిపి, పిదప చల్లార్చి పట్టవలెను. మిగిలినది పారబోయవలెను. సీసాకన్న మన యుగ్గుగిన్నె మేలు; కడుగుట సులభము.

తల్లియు బిడ్డయు నొక్కచోట నుండుటకన్న మేలు లేదని యెఱుగుదుము. 2017 సవరణచే ఉద్యోగినులకు 26 వారముల సెలవును, ఏబదిమంది పనిచేయు చోట శిశుగృహమును శాసనసిద్ధములయ్యెను. మేస్త్రీ వద్ద బయానా తీసికొన్న చెరకు కూలి ఎవరి యుద్యోగిని? చక్కెర మిల్లులు తోటల చెంత ఒక పందిరిని, ఒక ఆయాను ఏర్పఱుపజాలవా? అది జరుగునంతవఱకు, ఈ యేటి గుంపులు బయలుదేరకముందే, కంగ్టి అంగన్‌వాడీలవారు తల్లులతోబాటు అవ్వలనుగూడ పిలిపించి, నర్సుచేత పొయ్యి వెలిగించి, వారి యెదుట కలిపి చూపింపవలెను. అందుకు కావలసినవి ఒక గిన్నె, ఒక కొలచెంచా, అరగంట కాలము.