"కజ్జికాయేగా" అన్నారు మా ఆయన

"ఇందులో ఏముంది, మన కజ్జికాయేగా! లోపల కొబ్బరి బదులు మాంసం పెట్టారు, అంతే. ఇంట్లో చేసుకుంటే పౌండు కూడా అవ్వదు."

సెయింట్ ఐవ్స్‌లో రేవు గోడ మీద కూర్చుని మా ఆయన ఈ మాటన్నారు. చేతిలో అయిదు పౌండ్లు దాటి పోసి కొన్న కార్నిష్ పాస్టీ. అప్పటికే సగం అయిపోయింది. నేనప్పుడు ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, బట్టలు ఉతుక్కుని, ఇప్పుడు తీరిగ్గా అంటున్నాను.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. పాస్టీలో పెట్టేది గొడ్డుమాంసం. మా పుట్టింట్లో తినరు, నేను తింటాను. తిననివాళ్ళు ఆ ముక్క వదిలేసి చదువుకోండి. ఎందుకంటే నా గొడవ మాంసంతో కాదు, "సంప్రదాయం" అనే మాటతో.

ఇంగ్లండ్‌కి నైరుతి కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కార్న్‌వాల్‌లో చిన్న ఊరు సెయింట్ ఐవ్స్. మూడు రోజుల సెలవులకి వెళ్ళాం. వచ్చినవాళ్ళం ఆ ఊరి తిండి తినకుండా పోతామా? మొదటి రోజు రేవు వైపు వీధిలో నడుస్తుంటే నాలుగడుగులకో పాస్టీ కొట్టు. ప్రతి బోర్డు మీదా "సంప్రదాయ", "చేత్తో చేసినది", "అసలు సిసలైనది" అని రాతలు. అన్నిటికన్నా పెద్ద బోర్డున్న చోట కొన్నాం. పైన నోరు కాలింది, మధ్యలో చల్లగా ఉంది. మాంసం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, మిగిలిందంతా బంగాళదుంప ముద్ద. మా అమ్మాయి సగం తిని చెయ్యి చాపి కూర్చుంటే, సీగల్ పక్షి వచ్చి మిగతాది తన్నుకుపోయింది. ఆ పక్షి మీద జాలేసింది నాకు.

మరి "అసలు" అంటే ఏమిటి? దానికి చట్టమే ఉంది. 2011లో కార్నిష్ పాస్టీకి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది, మన బందరు లడ్డూకీ తిరుపతి లడ్డూకీ ఇక్కడ ఇచ్చినట్టుగా. ఆ పేరు పెట్టి అమ్మాలంటే కార్న్‌వాల్‌లోనే తయారు చెయ్యాలి. అర్ధచంద్రాకారంలో ఉండాలి. అంచు పక్కనే మెలిపెట్టాలి, నెత్తి మీద కాదు. లోపల గొడ్డుమాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ, స్వీడ్ అనే పసుపుపచ్చ దుంప. పైన ఉప్పూ మిరియాలూ. అన్నీ పచ్చివే పెట్టి కాల్చాలి, ముందుగా వండి కాదు.

వినడానికి బాగుంది కదా? ఇప్పుడిది వినండి. మాంసం నూటికి పన్నెండున్నర పాళ్ళుంటే చాలు. తయారు చెయ్యడం కార్న్‌వాల్‌లో జరగాలి గానీ కాల్చడం ఎక్కడైనా జరగొచ్చు. అంటే చట్టం ఆకారాన్ని కాపాడింది, పాళ్ళని కాపాడింది, ఊరి పేరుని కాపాడింది. రుచిని కాపాడటం చట్టం చేతిలో లేదు. అది చేసే మనిషి చేతిలో ఉంది.

రెండో రోజు మేం దిగిన ఇంటావిడని అడిగాను. డెబ్బయ్యేళ్ళు ఉంటాయేమో. "బోర్డు చదవకు, కిటికీలోంచి చూడు" అందావిడ. లోపల బల్ల మీద పిండి కనిపించాలి. ఎవరో ఒకరు అంచు మెలిపెడుతూ కనిపించాలి. "అయిపోయాయి, రేపు రండి" అనే కొట్టయితే ఇంకా మంచిది. ఎప్పుడెళ్ళినా ఉన్నాయంటే ఎప్పటివో అనుకో అని నవ్వింది.

అలాంటి కొట్టు ఒకటి వెనక సందులో దొరికింది. కిటికీ వెనక ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడది నా వయసే. గుండ్రంగా వత్తిన పిండి మీద ముక్కలు పేర్చి, మడిచి, బొటనవేలు, చూపుడువేలుతో అంచు తిప్పుకుంటూ పోతోంది. మా అమ్మాయి లెక్కపెట్టింది, పంతొమ్మిది మడతలు. పొయ్యిలోంచి పళ్ళెం వచ్చేదాకా ఇరవై నిమిషాలు నిలబడ్డాం. కొరికితే మాంసం ముక్కగా తగిలింది. దుంప తీపి, మిరియాల ఘాటు, అడుగు పొరలోకి ఇంకిన రసం. నాకు మాట రాలేదు.

మా ఆయనకి వచ్చింది. మీరు మొదట్లోనే విన్నారు.

ఆయన మాటకి మా అమ్మాయి పైకి చూసి, "మరి అమ్మమ్మ కజ్జికాయలు చేస్తే ఎంత ఇచ్చేవాళ్ళు?" అని అడిగింది. పదిహేనేళ్ళ పిల్ల. వేళాకోళానికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

మా అమ్మ సంక్రాంతికి నూటయాభై చేసేది. అంచు విడిపోతే పూర్ణం నూనెలో పడి మాడి మూకుడంతా పాడవుతుందని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. చెక్కతో నొక్కితే అందం రాదని చేత్తోనే మెలి తిప్పేది. పండగ అయ్యాక వారం రోజులు మణికట్టుకి ఆముదం రాసుకుని గుడ్డ చుట్టుకునేది. వచ్చినవాళ్ళు తిని "వదినగారి చెయ్యే చెయ్యి" అనేవాళ్ళు. ఆ చెయ్యి నొప్పెడుతోందా అని అడిగినవాళ్ళు నాకు గుర్తులేరు. అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను.

కార్న్‌వాల్ కథ కూడా అంతే. పాస్టీ అనగానే తగరపు గనిలోకి దిగే మగవాడి బొమ్మ వేస్తారు. ఆయన మధ్యాహ్నం తినడానికి గట్టి పిండిలో చుట్టి ఇచ్చిందట భార్య. ఎవరిది ఏదో తెలియడానికి ఒక మూల పేరులో మొదటి అక్షరం చెక్కేదట. ఆ అక్షరమూ ఆయనదే. చేసినావిడ పేరు ఎక్కడా లేదు. పైగా ఆ గనుల దగ్గర పైన ఎండలో, వానలో సుత్తులతో ఖనిజం పగలగొట్టింది కూడా ఆడవాళ్ళే. బాల్ మెయిడెన్స్ అనేవారు వాళ్ళని. బాల్ అంటే అక్కడి భాషలో గని.

ఇక మా ఆయన లెక్కకి వస్తాను. ఇంట్లో చేస్తే పౌండు కూడా అవ్వదన్నారు. పిండి కట్టారు, మాంసం కట్టారు, దుంపలు కట్టారు. తరిగే గంట, పిండి కలిపి నానబెట్టే గంట, మెలిపెట్టే వేళ్ళు, తర్వాత తోమే పళ్ళేలు ఎందులో కట్టారు? ఎందులోనూ లేదు. అందుకే చవక. ఇంటి వంట చవక కాదండీ, చేసినవాళ్ళకి డబ్బివ్వం గనక చవగ్గా కనిపిస్తుంది. సందులో ఆ ఇద్దరూ అడిగిన అయిదు పౌండ్లు ఎక్కువా? మన ఇళ్ళలో ఇన్నేళ్ళూ ఇచ్చింది సున్నా కాబట్టి ఎక్కువనిపిస్తోంది.

"ప్రేమతో చేసేదానికి కూడా లెక్కలేనా?" అంటారు కొందరు, మనలోనే. ప్రేమకి లెక్క వద్దు, సరే. అయితే ఆ ప్రేమ చపాతీ కర్ర పట్టుకునే పని ఎప్పుడూ ఒక్కరికే ఎందుకు చెబుతుంది? "సంప్రదాయం" అని కొట్టువాడు బోర్డు రాస్తే అమ్మకం పెరుగుతుంది. అదే మాట ఇంట్లో అంటే మనకి పని పెరుగుతుంది. రెండు చోట్లా ఆ మాట వెనక ఉన్న చెయ్యి మాత్రం కనబడదు.

కాబట్టి మీరెప్పుడైనా ఆ వైపు వెళితే బోర్డులు చదవకండి. కిటికీలోంచి చూడండి. చెయ్యి కనిపిస్తే లోపలికెళ్ళండి, అడిగిన ధర ఇవ్వండి, బేరం గురించి గొణగకండి.

మా ఇంట్లో ఈ సంక్రాంతికి కజ్జికాయలు ఉంటాయి. నూటయాభై కాదు, నలభై. పిండి కలిపేదీ పూరీలు వత్తేదీ మా ఆయన. అంచు మెలిపెట్టడం మా అమ్మాయికీ నేర్పుతాను, ఆయనకీ నేర్పుతాను. పంతొమ్మిది మడతలు పెట్టాక అప్పుడు చెప్పమంటాను, పౌండో, అయిదు పౌండ్లో.