కారు దొరికింది, మొగుడే దొరకలేదు

పథకాల లబ్ధి కోసం కుటుంబాలు విడిపోయే పరిస్థితి రాకూడదని, అవసరమైతే పథకాల రూపమే మార్చాలని 2025 ఆగస్టులో, ప్రతి కుటుంబానికీ ఇవ్వదలచిన ఫ్యామిలీ కార్డుపై జరిపిన సమీక్షలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు అన్నారు. మాట మంచిదే. అమరావతిలో అన్న మాట కొల్లేటి లంకకు చేరేసరికి ఏమవుతుందన్నదే బెంగ. దారిలో అది ఇంకో మాటగా మారిపోతోంది: విడిపోయామని చెప్పుకొనేవాళ్లంతా డబ్బు కోసం చెప్పేవాళ్లే, కోర్టు కాగితం తెస్తే అప్పుడు చూద్దాం. ఊరి సచివాలయంలో బల్లకు అవతలి వైపు ఇది ఊతపదమైపోయింది. కార్డు ప్రతి ఇంటికీ వచ్చి కూర్చోకముందే ఈ మాట సంగతి తేల్చాలి.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కుళ్లు గడ్డ, మంచి గడ్డ ఏరే కూలికి వెళ్లే ఒకామెను అనుకుందాం. ఉండేది కొల్లేటి లంకలోని పుట్టింట్లో. మొగుడు హైదరాబాద్ వెళ్లి ఆరేళ్లయింది. అక్కడ ఇంకో కాపురం పెట్టాడని చెప్పినవాళ్లున్నారు గానీ, ఇక్కడికి పైసా తెచ్చి ఇచ్చినవాళ్లు లేరు. పిల్లలిద్దరు, బడికి వెళ్తున్నారు. బడి పిల్లల తల్లులకు డబ్బిచ్చే ‘తల్లికి వందనం’ జాబితా గోడకు అంటించారని తెలిసి, చీరకంటిన ఉల్లిపొట్టు దులుపుకొని సచివాలయానికి పోయి, అక్కడున్న కుర్రాడి చేత తన పేరు వెతికించుకుంటుంది. పేరు దొరుకుతుంది, అనర్హుల్లో. ఎదురుగా కారణం: నాలుగు చక్రాల వాహనం. ఆమె రోజూ ఎక్కేది షేర్ ఆటో. దానికీ మూడే చక్రాలు.

కారు ఆయనది. ఇల్లు వదిలినా, సచివాలయం లెక్కల్లో ఆయన ఇంకా ఆ ఇంటి మనిషే. ఆధార్ నంబరు పట్టుకొని ప్రభుత్వం ఆయన కారును పట్టేసింది. రేపు ఆయన నెలకు మూడొందల యూనిట్లు దాటి కరెంటు కాల్చినా, ఇన్‌కంట్యాక్స్ కట్టినా అదీ పట్టుకుంటుంది, తెచ్చి ఈమె ఖాతాలో ఆస్తిగా రాస్తుంది. అదే ఈమె వెళ్లి, బాబూ, పిల్లల ఖర్చుకు ఆయన దగ్గర ఎంతో కొంత ఇప్పించండి అంటే మాత్రం ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అడ్రసు నువ్వే తెచ్చుకోవాలంటారు.

ఇక ఆ ఊతపదం. డబ్బు కోసం నాటకమట. ఎంత డబ్బు? బడి నిర్వహణకని రెండు వేలు పట్టుకున్నాక చేతికొచ్చేది పిల్లకో పిల్లాడికో ఏడాదికి 13,000. రోజుకు 35 రూపాయల చిల్లర. దీనికోసం ఒక ఆడమనిషి ‘మొగుడొదిలేసింది’ అనే పేరు నెత్తిన పెట్టుకొని ఊళ్లో తిరుగుతుందని నమ్మేవాళ్లు ఏ ఊళ్లో పుట్టారో మాకు అర్థం కాదు. లంక గ్రామంలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. ఎవరింట్లో ఏ కూర వండారో మూడో ఇంటికి తెలుస్తుంది. అక్కడ ఒక మగాడు ఇంట్లో లేకపోవడాన్ని నటించడం కుదిరే పనేనా?

నిజానికి మన ఊళ్లలో ఆడవాళ్లు ఆడే నాటకం ఒకటుంది, అది దీనికి సరిగ్గా తిరగేసింది. వదిలేసిపోయిన మొగుడు ఉన్నట్టే నటిస్తారు. ఎవరైనా అడిగితే దుబాయ్‌లో ఉన్నాడంటారు, పండక్కి వస్తాడంటారు. బడి కాగితం మీద తండ్రి సంతకం చోట మేనమామ చేత పెట్టిస్తారు. పేరంటాల్లో వెనక వరసలో కూర్చోవాల్సి వస్తుందనీ, పిల్లకు సంబంధాలు రావనీ ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తారు. అలాంటి మనిషి నోరు విప్పి, ఆయన మాతో ఉండట్లేదండీ అని నలుగురి ముందు కౌంటర్లో చెప్పిందంటే ఎంత గడ్డు కాలం వచ్చి చెప్పి ఉండాలి! ఆ మాటకు మన జవాబు, కాగితమేది?

పోనీ ఆ కాగితం సంగతే చూద్దాం. పరస్పర అంగీకారంతో విడాకులంటే ఆయన వచ్చి సంతకం పెట్టాలి. వదిలేసి పోయాడన్న కారణం మీద అడగాలంటే హిందూ వివాహ చట్టం ప్రకారం రెండేళ్లు గడవాలి, ఆపైన ఆయనకు సమన్లు అందాలి. మామూలుగా సమన్లు అందాలంటే అడ్రసు కావాలి. ఏడేళ్లు బతికున్న కబురే లేకపోతే అది వేరే కారణం కింద పనికొస్తుంది గానీ, కారు కొన్నవాడు బతికే ఉన్నాడు కదా, అదీ కుదరదు. ఇవన్నీ దాటితే అప్పుడు వాయిదాలు. లంక నుంచి ఏలూరు కోర్టుకు ఒక వాయిదా అంటే ఆ రోజు కూలి పోయినట్టే, పైన బస్సు ఛార్జీలు, ప్లీడరు గారి ఫీజు. 2024 సెప్టెంబరులోలా కొల్లేరు పొంగి రోడ్లు మునిగితే వాయిదాకు పడవలో రావాలి. ఇంత ఖర్చు పెట్టి తెచ్చే కాగితం విలువ ఏడాదికి బిడ్డకు పదమూడు వేలు.

మన దగ్గర చాలా కులాల్లో కాపురాలు కోర్టుల్లో తెగలేదు. పెద్దమనుషుల్లో కూర్చొని, ఇచ్చిపుచ్చుకొన్న సామాన్లు లెక్కచూసుకొని, స్టాంపు కాగితం మీద వేలిముద్రలేసి తెగతెంపులు చేసుకొన్నారు. కుల ఆచారం ప్రకారం చెల్లే విడాకులను అదే హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ కాదనలేదు. చట్టం కాదనని దాన్ని కంప్యూటర్ తెర కాదంటోంది.

అసలు సిగ్గుపడాల్సింది ఇక్కడ. విడిపోయిన స్త్రీ అంటే ఎవరో ఈ ప్రభుత్వానికి తెలియక కాదు. నెలకు 4,000 ఇచ్చే ఒంటరి మహిళ పింఛను ఈ ప్రభుత్వానిదే. విడాకులు తీసుకొన్నవాళ్లే కాదు, భర్తకు దూరంగా ఉంటున్నవాళ్లూ అందులోకి వస్తారు. కేంద్రం మిషన్ వాత్సల్య కింద పిల్లలకు నెలకు 4,000 ఇచ్చేటప్పుడు కూడా తల్లి వితంతువా, విడాకులు పొందిందా అనడంతో ఆగదు, వదిలేయబడిన తల్లినీ లెక్కలోకి తీసుకొంటుంది. అంటే ఒక బల్ల దగ్గర ఈమె ఒంటరిది, పక్క బల్ల దగ్గర కారున్న ఇల్లాలు. మనిషి ఒకతే, సచివాలయమూ ఒకటే. 2016 డిసెంబరు నుంచి పిల్లల పాస్‌పోర్టుకు తల్లి పేరొక్కటి ఇచ్చినా సరిపోతోంది. దేశం దాటడానికి అడ్డురాని తండ్రి, పలకాబలపం కొనుక్కోవడానికి అడ్డొచ్చాడు.

లేని తండ్రి వివరాలు అడగడం మనమొక్కరమే చేస్తున్న పనీ కాదు. 1991 చట్టంతో బ్రిటన్, 1996 సంస్కరణతో అమెరికా ఆ పని చేశాయి. సాయం కోరిన తల్లి తండ్రి వివరాలు చెప్పి సహకరించకపోతే సాయంలో కోత పెట్టాయి. అదీ క్రూరమేనని గొడవ జరిగింది, బ్రిటన్ 2008లో ఆ నిర్బంధాన్ని తీసేసింది. అయినా ఆ దొరలు అడిగింది తండ్రి జేబులోంచి పిల్లలకు డబ్బు రాబట్టడానికి. మనం అడుగుతున్నది ఆయన జేబు చూపించి పిల్లల డబ్బు ఆపడానికి.

దొంగ విడిపోతలు లేవని మేం అనడం లేదు. యూనిట్ల లెక్క తప్పించుకోవడానికి ఒకే కప్పు కింద రెండు కార్డులు పెట్టుకొన్న ఇళ్లున్నాయి. వాటిని పట్టుకోవడానికి విచారణ చాలు, కోర్టు డిక్రీ అక్కర్లేదు.

లేనిది ఎప్పుడూ తండ్రే కానక్కర్లేదు. గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లులు ఎందరో. అమ్మమ్మ చేతిలో పెరిగే ఆ పిల్లలకు లేని తల్లి వేలిముద్ర ఎవరు తేవాలి? ఇక కొట్టే మొగుణ్ని వదిలి పారిపోయి వచ్చినామె సంగతి మరీ ఘోరం. ఆయన ఆధార్‌తో ధ్రువీకరించాలంటే ఓటీపీ పోయేది ఆయన ఫోన్‌కే. ఈమె దరఖాస్తు పెట్టిందని మనమే కబురు పంపినట్టు.

కొత్త కార్డులో ‘విడిగా ఉంటున్నారు’ అనే గడి ఒకటి పెట్టాలి. తల్లి రాసిచ్చిన వాంగ్మూలం, ఇరుగుపొరుగు ఇద్దరి మాట, వీఆర్వో వచ్చి ఇల్లు చూసుకోవడం, పదిహేను రోజుల గడువు. ఈలోపు ఆయన కారూ మీటరూ ఆమె లెక్కలోంచి తీసేయాలి. విచారణలో అబద్ధమని తేలితే ఇచ్చింది వెనక్కి రాబట్టుకోండి, ఎవరూ అడ్డుపడరు. ఆయన వివరాలు అంత భద్రంగా దగ్గరుంచుకొన్న ప్రభుత్వం, ఆమె భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మనోవర్తికి దరఖాస్తు పెట్టిన రోజున ఆ అడ్రసును మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాలి. కారు నంబరుతో సహా.